ఎవరూ నొక్కని బటను

వాకీటాకీ అంత రోత వస్తువు ప్రపంచంలో ఇంకోటి లేదని రేడియో అక్క అభిప్రాయం. మామూలు రేడియో అయితే అది మాట్లాడుతుంది, మనం వింటాం. దానికీ మనకీ మధ్య కాస్త మర్యాద ఉంటుంది. వాకీటాకీకి ఆ మర్యాద ఎక్కడిది? దాన్ని మూతికి ఆనించి అరవాలి, అరిచినప్పుడల్లా తుంపర్లు పడాలి, తుంపర్ల మీద దుమ్ము పడాలి, ఒకడి ఎంగిలి మీద ఇంకొకడు నోరు పెట్టాలి. ముప్పై ఏళ్ళ సెట్టంటే ముప్పై ఏళ్ళ ఎంగిలి. రిపేరుకని ఆమె బెంచీ మీదికి ఏది వచ్చినా ముందు స్పిరిట్ దూది, ఆ తర్వాతే స్క్రూడ్రైవరు.

అలాంటి మనిషి ముందు బిల్డింగు సైటు సూపర్‌వైజరు ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి దబ్బున పడేశాడు. సంచిలో రెండు పాత సెట్లు.

"గరగరమంటున్నాయమ్మా. కాస్త శుభ్రం చేసి ఇచ్చేయండి. సోమవారం కొత్త మనిషి పనిలోకి దిగుతున్నాడు."

సంచి మూతి విప్పగానే గుప్పుమని కంపు కొట్టింది. ఛీ, అని ఆమె తల తిప్పుకోబోయి ఆగింది. ఒక సెట్టు నడుముకి ఎర్ర టేపు చుట్టి ఉంది. అది తమ్ముడి సెట్టు. ఇక రెండోది పైన క్రేన్ గదిలో వేలాడేది. అది మొగుడి సెట్టు.

"ఆ రోజువి ఇవేనా?" అంది.

"ఇవేనమ్మా. సెట్లకి ఏ రోగమూ లేదు, రోగమంతా మనుషులకే. ఆ గొడవ మనకెందుకు గానీ, మీరు గరగర సంగతి చూడండి చాలు," అని అతను చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ గొడవ ఆమెకి కాకపోతే ఇంకెవరికి? క్రేన్ నడిపేది ఆమె మొగుడు. కింద సరుకుకి బెల్టు చుట్టి కొక్కేనికి తగిలించేది ఆమె తమ్ముడు. పైనున్న వాడికి కింద గొయ్యి కనపడదు, కాబట్టి కిందివాడు సెట్టులో 'ఎత్తు' అనాలి, పైవాడు 'ఎత్తుతున్నా' అని తిరిగి చెప్పాలి. అదీ పద్ధతి. ఈ బావాబామ్మర్దులు ఆ పద్ధతిని ఏనాడో గట్టున పెట్టేశారు. ఆ ముసలి మైకుల్లో ఏం మాట్లాడినా గొంతులో గరగరే తప్ప మాట తెలిసేది కాదు. బటను నొక్కి వదిలేస్తే మాత్రం రెండో సెట్టులో శుభ్రంగా 'టక్' మనేది. ఒక టక్ అంటే ఆపు, రెండంటే ఎత్తు, మూడంటే దించు. ఏళ్ళ తరబడి అదే నడిచింది. "వాళ్ళకి మాటలక్కర్లేదురా," అని సైటంతా మెచ్చుకునేది. మెచ్చుకున్న వాళ్ళ నోళ్ళు పడిపోను.

పోయిన నెల ఒక మిట్టమధ్యాహ్నం పైన రెండు టక్‌లు వినపడ్డాయి. మొగుడు ఎత్తాడు. ఇనుప దూలం లేచింది. తమ్ముడి కుడి చెయ్యి ఇంకా బెల్టు కిందే ఉంది. రెండు వేళ్ళు పోయాయి.

నేను నొక్కలేదు, రెండు చేతులూ బెల్టు దగ్గరే ఉన్నాయి, సెట్టు జేబులో ఉంది, అంటాడు తమ్ముడు. నేను విన్నాను, చెవులారా విన్నాను, అంటాడు మొగుడు. నొక్కకుండా వినపడటానికి అదేమైనా ఆకాశవాణా? ఇద్దరిలో ఒకడు అబద్ధమాడుతున్నాడు. ఫోన్ చూసుకుంటూ అలవాటులో ఎత్తేసి ఉంటాడని సైటులో అందరూ మొగుడినే అన్నారు, సంగతి తేలేదాకా క్రేన్ ఎక్కొద్దని కిందికి దించేశారు. ఆ మనిషి ఉన్న ఇంటి గడప తొక్కనని తమ్ముడు ఒట్టేసుకున్నాడు.

రేడియో అక్క తమ్ముణ్ణే నమ్మింది. చంకనేసుకుని పెంచిన తమ్ముడు, పైగా కట్టు మార్చేటప్పుడు ఆ చెయ్యి కళ్ళారా చూసింది. ఇక ఆ తర్వాత మొగుడు ఎదురుపడితే ఒళ్ళు జలదరించేది. అతని పక్క తీసుకొచ్చి ముందుగదిలో, బెంచీ కింద వేసింది. అన్నం పెట్టేది కానీ మొహం చూసేది కాదు. పనిలేక అతను బట్టలుతికితే, ఆమె వాటిని మళ్ళీ జాడించేది. "ఆ చేత్తోనే కదా వాడి వేళ్ళు చిదిపేశారు," అని ఒకరోజు మొహానే అనేసింది. అతను సగం తిన్న కంచంలో చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళాడు.

ఇప్పుడు అతను పెరటి గుమ్మంలోంచి ముందుగదిలోకి తొంగిచూశాడు. బెంచీ మీద ఎర్ర టేపు చూసి అక్కడే నిలబడిపోయాడు.

"వాటిలో ఏమైనా ఉందేమో కాస్త చూడు," అన్నాడు మెల్లిగా.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అంది ఆమె గోడకేసి చూస్తూ. "చూస్తాను. ఏమీ లేకపోతే మాత్రం నన్నింక పలకరించకండి."

అతను మళ్ళీ బట్టల దగ్గరికి వెళ్ళాడు. ఆమె చేతికి తొడుగులు వేసుకుంది, మూతికి గుడ్డ కట్టుకుంది, స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది.

యాక్! బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పు, పుండు మీద పొక్కు కట్టినట్టు. మైకు జాలీ చిల్లులన్నీ పూడిపోయి ఉన్నాయి. సూదితో కెలికితే సిమెంటూ, పొగాకూ, ఎవడి నోటిదో ఏనాటిదో ఎండిన ఉమ్మీ కలిసి పేడులా ఊడొచ్చింది. స్పీకరు వెనకాల ఒక చచ్చిన బొద్దింక, దాని పక్కనే దాని గుడ్ల తిత్తి. సంసారం పెట్టింది మహాతల్లి, ఇన్ని అరుపుల మధ్య! ఆమె రెండుసార్లు లేచి వాకిట్లోకెళ్ళి గాలి పీల్చుకుని వచ్చింది. మనుషులింత అసహ్యంగా ఎలా బతుకుతారో, వీళ్ళ చేతికి ఇలాంటి దరిద్రాన్నిచ్చి ప్రాణాలు మొయ్యమనే వాళ్ళు ఇంకెంత అసహ్యమో అని తిట్టుకుంటూనే పని చేసింది.

అన్ని కంపుల కింద ఇంకో కంపు ఉంది. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. అది ఆమెకి బాగా తెలుసు. పెళ్ళయినప్పటి నుంచి మొగుడి చొక్కాలకి వచ్చేది అదే. క్రేన్‌లో పోసే గేరు నూనె. ఆ కంపుతోనే కదా అతన్ని స్నానం చెయ్యనిదే లోపలికి రానిచ్చేది కాదు! మొగుడి సెట్టుకి ఆ వాసన ఉందంటే అర్థముంది. ఈ కంపు కొడుతున్నది తమ్ముడి సెట్టు. అంటే ఇతను దీన్ని ముట్టుకున్నాడా? ఏదో చేసి, ఇప్పుడు ఏమీ ఎరగనట్టు 'ఏమైనా ఉందేమో చూడు' అంటున్నాడా?

అయినా పని పనే. రెండు సెట్లకీ తుప్పు గీకి, వెనిగరుతో తుడిచి, కొత్త బ్యాటరీలు వేసి ఆన్ చేసింది. తమ్ముడి సెట్టు ఏరియల్ సరిగ్గానే ఉంది. బటను కింద ఉన్న స్విచ్చికి మీటరు తగిలించింది. నొక్కితే ముల్లు ఆ చివరికి పోయింది, వదిలితే బుద్ధిగా వెనక్కొచ్చింది. వందసార్లు నొక్కినా అంతే. తీగలు కదిపి చూసింది, స్క్రూడ్రైవరు పిడితో సెట్టు నెత్తిన కొట్టి చూసింది, పట్టుకుని గలగలా ఊపి చూసింది. నొక్కకుండా ఒక్క టక్ వస్తే ఒట్టు.

సెట్టులో ఏమీ లేదు. అంటే మొగుడే. ఆమె స్టూలు మీద కూలబడింది. ఏదో ఒకటి దొరకాలని తను ఇంతసేపూ లోలోపల మొక్కుకుంటూ ఉందని అప్పుడు గానీ ఆమెకి తెలియలేదు. ఇక ఈ మనిషితో ఒక కప్పు కింద ఉండటం అయ్యే పని కాదనుకుంది.

ఆ గేరు నూనె కంపు గదంతా పట్టేసింది. ఇంకో నిమిషం భరిస్తే వాంతే. సెట్టుని రెండు వేళ్ళతో పట్టుకుని కిటికీ బయట గట్టు మీద, ఎండలో పడేసి వచ్చి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఆ రోతలో సెట్టు ఆపడం మరిచిపోయింది. మొగుడి సెట్టు బెంచీ మీద గుర్రుమంటూనే ఉంది.

రెండోసారి సబ్బు రుద్దుకుంటుండగా బెంచీ మీంచి వినపడింది.

టక్. టక్.

"ఎందుకండీ దాన్ని కెలుకుతారు!" అని అరిచింది ఆమె. తడి చేతులతోనే వచ్చి చూస్తే కిటికీ దగ్గర ఎవరూ లేరు. మొగుడు పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. రెండు చేతుల నిండా తడి బట్టలు, నీళ్ళు కారుతున్నాయి.

"ఎవరు నొక్కారు?" అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఇద్దరూ కిటికీకేసి చూస్తూ నిలబడ్డారు. గట్టు మీద సెట్టు ఒంటరిగా ఎండలో పడి ఉంది. కాసేపటికి బెంచీ మీద మళ్ళీ టక్ అంది, ఒక్కసారి. తర్వాత మూడుసార్లు వరసగా.

"నేను విన్నాను," అన్నాడు మొగుడు. అంతే, ఇంకేం అనలేదు. స్టూలు మీద కూర్చుని, చేతిలో ఉన్న తడి చొక్కాలో మొహం దాచుకున్నాడు. వీపు మాత్రం ఎగసి ఎగసి పడుతోంది.

ఆమె వెళ్ళి సెట్టు తీసింది. బటను మీద నల్లటి రబ్బరు తొడుగు ఉంటుంది, నీళ్ళు పోకుండా. ఇందాక గదిలో చల్లగా ఉన్నప్పుడు గట్టిగా, మామూలుగా ఉందే! ఎండ తగిలేసరికి ఉబ్బి, మెత్తబడి, లోపలి స్విచ్చి మీదికి జారిపోయింది. వేలు పెడితే జిడ్డు తీగలా సాగింది. థూ! అది కాస్త కదిలితే నొక్కుకుంటుంది, కాస్త జారితే వదిలేస్తుంది. మిట్టమధ్యాహ్నం, చొక్కా జేబులో పెట్టుకుని బెల్టు మీదికి వంగిన వాడి గుండెలకి ఆనుకుంటే ఇంకేముంది, దాని ఇష్టం. తన మీటరు నీడలో ఎన్నిసార్లు చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది?

కానీ ముసలి రబ్బరు ఎండి పగులుతుంది, ఇలా ఉబ్బదు. ఉబ్బాలంటే నూనె తాగాలి.

"ఈ సెట్టుకి మీ గేరు నూనె ఎలా అంటిందండీ?" అని అడిగింది. గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

అతను మొహం తుడుచుకున్నాడు. "వాడే రాసుకునేవాడు. బటను రబ్బరు బండబారిపోయింది బావా, నొక్కుతుంటే బొటనవేలు పోటెక్కుతోంది అన్నాడు. క్రేన్‌లో పోయగా మిగిలిన నూనె చిన్న డబ్బాలో పోసిచ్చాను. పొద్దున్నే పసిపిల్లకి ఒళ్ళు రుద్దినట్టు రుద్దేవాడు దాన్ని. ఎందుకు?"

ఆమె చెప్పింది.

"మిమ్మల్ని నమ్మలేదు నేను," అంది ఆమె. "పురుగుని చూసినట్టు చూశాను."

"ఇంకొన్నాళ్ళయితే నేనూ నమ్మేవాణ్ణి కాదులే. నిజంగా విన్నానా, నిద్రపోయానా అని నాకే సందేహం వచ్చేస్తోంది."

ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. ఇంత రోత ఆ బొద్దింకని చూసినా పుట్టలేదు. అయినా ఇప్పుడు ఏడుస్తూ కూర్చుంటే కుదరదు. మొగుడు తప్పు చెయ్యలేదని తేలింది సరే, మరి తమ్ముడికి ఏమని చెప్పాలి? నీ వేళ్ళు తీసింది నువ్వు ముద్దుగా రాసిన నూనేనని చెప్పాలా? అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని.

"వాడి ముందు నూనె ఊసెత్తకండి," అంది చివరికి. "సెట్టు ముసలిదైపోయింది, అంతే. ఆ చేత్తో వాడు ఈ బరువు కూడా మొయ్యలేడు."

అతను తలూపాడు. ఆమె సెట్టుని సబ్బునీళ్ళతో, స్పిరిట్‌తో తుడిచి తుడిచి కంపు చాలావరకు వదిలించింది. తర్వాత తమ్ముడికి ఫోన్ చేసింది.

"ఆ మనిషుండగా రానన్నాను కదక్కా."

"ఆయన ఇంట్లోనే ఉంటాడు. నువ్వూ రేపు మధ్యాహ్నం వస్తావు. రాకపోయావో, నేనే వచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తాను."

వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు, కట్టు కట్టిన చెయ్యి గుండెలకి ఆనించుకుని. బావ వైపు చూడలేదు. బావ కూడా గోడకి చేరగిలబడి నేలచూపులు చూస్తున్నాడు. రేడియో అక్క ఎర్ర టేపు సెట్టుని కిటికీ గట్టు మీద ఎండలో పెట్టి, రెండో సెట్టుని బెంచీ మధ్యలో పెట్టి, తనూ దూరంగా జరిగింది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు తమ్ముడు.

"నోరు మూసుకుని ఉండాలి."

ఉన్నారు. ఎంతసేపటికీ ఏమీ కాలేదు. బెంచీ మీద గుర్రు తప్ప చప్పుడు లేదు. తమ్ముడి పెదవి ఒక పక్కకి వంకరపోయింది.

"మొగుణ్ణి కాపాడుకోవడానికి మంచి నాటకమే వేశావక్కా. నాకు చెవిలో పువ్వు పెడుతున్నావు. ఎంతైనా తాళి కట్టినవాడు కదా, తోడబుట్టినవాడు ఎక్కడ కనపడతాడు? నాకు రోతగా ఉంది ఇక్కడ నిలబడాలంటే."

అతను వెళ్ళడానికి వెనక్కి తిరిగాడు.

టక్. టక్.

గోడ దగ్గర బావ కుడిచెయ్యి ఒక్క ఉదుటున లేచి వెనక్కి లాగింది. అక్కడ లివరు లేదు, ఏమీ లేదు, ఉత్త గాలి. ఆ చేతికి ఆ సంగతి తెలియదు. అతను గబుక్కున రెండో చేత్తో దాన్ని పట్టుకుని కిందికి నొక్కిపెట్టాడు, తప్పు చేస్తూ దొరికిపోయిన వాడిలా.

తమ్ముడు దాన్ని చూశాడు. కిటికీ వైపు చూశాడు, మళ్ళీ ఆ చేతిని చూశాడు. మొహంలోని వంకర అంతా ఎటో పోయింది.

"ఎవరూ..." అన్నాడు.

"ఎవరూ నొక్కలేదురా," అంది అక్క. "నువ్వు నొక్కలేదు. ఆయన విన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. దరిద్రపు సెట్టు ముసలిదైపోయింది, అంతే."

తమ్ముడు గట్టు దగ్గరికి వెళ్ళి ఎడంచేత్తో సెట్టు అందుకున్నాడు. రబ్బరు తొడుగు మీద బొటనవేలు వేశాడు. అది మెత్తగా కిందికి దిగి, వేలికి అంటుకుని సాగింది.

"ముసలిదైతే ఎండి పగలాలి కదక్కా. ఇదేంటి, నానబెట్టినట్టు ఉబ్బింది?"

అతను వేలిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎంత తుడిస్తే మాత్రం రబ్బరు తాగినది పోతుందా? ఎండకి మళ్ళీ ఊరింది. మరోసారి వాసన చూసి, అక్క మొహంలోకి చూశాడు.

"ఇది నా నూనె," అన్నాడు. "రోజూ నేనే రాశాను. నా చేత్తో నేనే." కట్టు కట్టిన చెయ్యి వైపు చూసుకున్నాడు. "నెలంతా బావని నరరూప రాక్షసుడన్నాను కదక్కా!"

"నువ్వు ఊరుకో," అంది ఆమె.

"ఒరే, ఆ డబ్బా ఇచ్చింది నేనేరా," అన్నాడు గోడ దగ్గర్నించి బావ.

నెల రోజులుగా వాళ్ళిద్దరి మధ్య నడిచిన మొదటి మాట అది. చెప్పొద్దని ఆమె అన్నదాన్ని అతను దాటేశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండగానే ఫోన్ మోగింది. సూపర్‌వైజరు.

"అయిందామ్మా? మనిషిని పంపనా?"

"దానికి రోగముందండీ. ఎండ తగిలితే బటను దానంతటదే నొక్కుకుంటోంది. మా వాడి వేళ్ళు అలా పోయాయి."

"అలాగా... పోనీలెండి, కొత్తవాణ్ణి కాస్త జాగ్రత్తగా ఉండమంటాను. పైపైన తుడిచి ఇచ్చేయండి. ఇప్పటికిప్పుడు కొత్త సెట్లంటే ఎక్కడివి?"

ముక్కు పగిలే కంపులన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. ఆమె ఫోన్‌ని చెవికి దూరంగా పట్టుకుంది, అందులోంచి ఏదో కారుతున్నట్టు.

"మీరే రండి," అంది. "వచ్చి దీన్ని మీ చొక్కా జేబులో పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం గొయ్యిలో దిగి, రెండు చేతులూ బెల్టు కింద పెట్టండి. పైన మా ఆయన కూర్చుంటాడు. అది టక్‌టక్‌మన్నాక ఎంత జాగ్రత్తగా ఉండాలో మాట్లాడుకుందాం. థూ, మీరూ ఒక మనిషేనా!"

ఫోన్ పెట్టేసి కటింగ్ ప్లేయరు అందుకుంది. తమ్ముడి చేతిలోంచి సెట్టు లాక్కుని, ఆ రబ్బరు తొడుగు పీకి, స్విచ్చి తీగలు రెండూ పటుక్కున కత్తిరించి, బటను పెకలించి చెత్తబుట్టలో పారేసింది. ఇక దాన్ని దేవుడొచ్చి నొక్కినా పలకదు.

చేతుల నిండా జిడ్డు. ఆమె పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళి సబ్బు అందుకునేసరికి, అక్కడ తమ్ముడు ముందే నిలబడి ఉన్నాడు, నూనె అంటిన ఎడంచేతిని ముందుకి చాపుకుని, ఏం చెయ్యాలో తెలియక. కుడిచేతికి కట్టు. ఒక్క చేత్తో ఆ చేతినే కడుక్కోవడం ఎలాగో ఇంకా అలవాటు కాలేదు వాడికి.

బావ వచ్చాడు. ఆమె చేతిలోంచి సబ్బు తీసుకున్నాడు. బామ్మర్ది చేతిని తన అరచేతిలో పెట్టుకుని, ఒక్కో వేలూ మొదలంటా రుద్దడం మొదలుపెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. అయిదూ అయిపోయాక మళ్ళీ బొటనవేలి దగ్గర్నించి ఎత్తుకున్నాడు. తమ్ముడు తల వంచుకుని, నుదురు తీసుకెళ్ళి బావ భుజానికి ఆనించాడు.

తొట్టి గట్టు మీద సబ్బు బిళ్ళ నల్లగా, జిడ్డోడుతూ, గేరు నూనె కంపు కొడుతూ పడి ఉంది. ఆమె దాన్ని చూసింది.

"ఛీ, సబ్బంతా పాడుచేశారు," అంది, కళ్ళు తుడుచుకోవడానికి శుభ్రమైన చెయ్యి లేక మోచెయ్యి అడ్డం పెట్టుకుంటూ. తర్వాత ఆ సబ్బే తీసుకుని తన చేతులు కడుక్కుంది.